నాన్న పేరున కొట్టిన కాగితాలు

కూరా,
శుక్రవారం పొద్దున.

హియాం అక్కకి,

నీ చెల్లెలు నజ్లా నిన్ను తలుచుకుంటూ రాస్తున్నది. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నాన్న పోయిన ఇరవయ్యో రోజున ఎంత బాగుండొచ్చో అంత బాగున్నాం. అక్కడ నువ్వూ, జవాద్ బావా, బతూలూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం వ్యాను బషారా మొన్న తెచ్చిచ్చాడు. "మీ ఇద్దరికీ ఫోన్లున్నాయి కదమ్మా, నా ప్రాణం ఎందుకు తీస్తారు?" అని ఎప్పటిలాగే సణిగాడు. నాన్న ఉన్నన్నాళ్ళూ చాటుగా ఉత్తరాలే మన అలవాటు, ఇప్పుడు ఫోనులో మాట్లాడ్డం నాకు చేతకావడం లేదు అని వాడికేం చెప్పను? ఇంత ఆలివ్ నూనె పోసిచ్చాను.

నువ్వడిగినవాటికి వరసగా చెప్తాను. అమ్మ తింటోంది. పొద్దున రొట్టె, సాయంత్రం కాస్త పెరుగు. చక్కెర లేని కాఫీ మాత్రం వచ్చినవాళ్ళతో కలిసి రోజుకి పది కప్పులు తాగుతోంది, రాత్రి నిద్రపట్టలేదంటే నన్ను తిడుతోంది. ఆలివ్ కాయ కోయించేశాం, ఈ ఏడు కాపు పలచన. ఇంక మూడో ప్రశ్న. చివర్లో నాన్న నిన్ను తలిచాడా అని అడిగావు. తలవలేదక్కా. అబద్ధం చెప్పలేను. అయితే పోయిన నెల, "నాన్నా, స్కూలు పనికి కష్టంగా ఉంది, ఇంటికి నెట్ పెట్టించుకుందాం" అని అడిగాను. "ఇంకెవరు మిగిలారే వెళ్ళిపోవడానికి?" అన్నాడు. దాన్ని తలవడం అంటారో తిట్టడం అంటారో నువ్వే తేల్చుకో.

ఆ నెట్ సంగతి నీకు నేను చెప్పాలా? మతాలు వేరని ఇక్కడ కుదరక నువ్వు జవాద్ బావతో సైప్రస్ వెళ్ళి పెళ్ళి సంతకాలు పెట్టొచ్చావని తెలిసిన రోజున, వాడు నీకు నెట్‌లోనే కదా పరిచయమయ్యాడని, నాన్న ఆలివ్ కొమ్మలు కొట్టే కత్తెర తీసుకుని మిద్దెక్కి తీగ తెగ్గొట్టాడు. ఆ తీగ జెనరేటరు నికూలాది. ఊళ్ళో కరెంటూ నెట్టూ రెండూ అమ్మేది వాడే. ఎనిమిదేళ్ళుగా తెగిన ముక్క అలాగే వేలాడుతోంది, బట్టలారేసినప్పుడల్లా నా మొహానికి తగులుతుంది.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. నువ్వు వివరంగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, నాకు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. నాన్న పొద్దున చర్చికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద అలా కూలబడ్డాడు. అంతే. సమాధి సోమవారం మూడింటికన్నారు. సాయంత్రంలోగా చావు కబురు కాగితాలు గోడలెక్కాలి. మన ఊరి సంగతి తెలుసుగా, నల్లంచు కాగితం చర్చి తలుపు మీదా, రొట్టెల కొట్టు గోడ మీదా, కరెంటు స్తంభాల మీదా కనపడేదాకా మనిషి పోయినట్టు కాదు. ఫోనులో వంద కబుర్లు పంపు, "కాగితం చూడలేదే" అంటారు. అందులోనూ నాన్న ఇరవై ఏళ్ళు ముఖ్తార్‌గా ఊరి పుట్టుకలకీ చావులకీ ముద్ర వేసిన మనిషి. ఆయన చావుకే కాగితం లేకపోతే ఎలా?

ఆదివారం ప్రింటింగు కొట్టు తీసే మహానుభావుడు ఈ చుట్టుపక్కల లేడు. నాన్న గదిలో ఆయన ప్రింటరుంది. దానికి తీగ కట్టిన పాత కంప్యూటరు రెండేళ్ళ కిందటే చచ్చింది. నా దగ్గర పాఠాలు చెప్పడానికి స్కూలువాళ్ళిచ్చిన ట్యాబ్లెట్ ఉంది, అందులో సిమ్ ఉంది. ప్రింటరు మీద తీగ లేకుండా పనిచేస్తుందని వైఫై గుర్తు ఉంది. ఇంకేం కావాలి, రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి కదా అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

పేర్లన్నీ టైపు చేసి, పది ప్రతులు అని పెట్టి నొక్కాను. "ప్రింటరు కోసం చూస్తున్నాను" అంది ట్యాబ్లెట్. ఎదురుగా ఉందే దిక్కుమాలినదానా, ఇంకెక్కడ చూస్తావు! మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట. పక్కగదిలో ఆడవాళ్ళ ఏడుపు, ఇక్కడ నా పళ్ళు కొరకడం. రెండింటికి జెనరేటరు ఆగిపోతుంది, అప్పటికే పన్నెండు దాటింది. ట్యాబ్లెట్ ఎత్తి ప్రింటరు నెత్తిన పెట్టి నొక్కాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నొక్కాను. అలా ఆరుసార్లు నొక్కాను, ఆ ఆరు బాగా గుర్తుంచుకో.

ఇంతలో ట్యాబ్లెట్‌లో నెట్‌ల జాబితాలో ఎప్పుడూ చూడని పేరొకటి కనపడింది. డైరెక్ట్ అని మొదలై వెనక ఏవో అంకెలు. నికూలా కొత్తగా ఏదో లైను వేసి దానికా పేరు పెట్టుకున్నాడనుకున్నాను. వాడికి ఫోను చేసి, "నికూలా, ఇవాళ ఒక్కరోజుకి ఆ పాస్‌వర్డ్ చెప్పు నాయనా, నాన్న పోయాడు" అన్నాను.

"అయ్యో నజ్లా! ఆయన ఆత్మకి శాంతి. ఏ పాస్‌వర్డమ్మా?"

"డైరెక్ట్ అని ఉంది చూడు, అది."

"నాది కాదమ్మా. నా లైన్లన్నిటికీ నా కొడుకు పేరే. అయినా మీ నాన్నగారు నా తీగ తెగ్గొట్టాక మీ వైపు నేను చూస్తే ఒట్టు."

వాడిది కాకపోతే పక్కింటివాళ్ళదనుకున్నాను. నల్లబట్టలతో నాలుగిళ్ళు తిరిగి "డైరెక్ట్ మీదేనా, డైరెక్ట్ మీదేనా" అని అడిగాను. తండ్రి పోయి పిల్లకి మతి చలించిందని అందరూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఎదురింటి ఎల్లీసారా అయితే నన్ను కూర్చోబెట్టి నీళ్ళు కూడా తాగించింది. ఒక్కరూ పాస్‌వర్డ్ చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి పాదిరిగారి భార్య ఓల్గా అత్త నాన్న గదిలో నా కోసం చూస్తోంది. తన ప్రింటరు పాడయ్యేదాకా చర్చి కరపత్రాలన్నీ ఆవిడే కొట్టేది కదా. నా గోడు విని, నవ్వకూడని చోట నవ్వొచ్చి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

"ఓసి పిచ్చిమొహమా! అది ఎవరిదో కాదే, ఈ ప్రింటరుదే. అది తన చుట్టూ తనే ఒక చిన్న నెట్ వేసుకుంటుంది. పాస్‌వర్డ్ దాని పొట్టలో ఉంది, ఆ గుండీ నొక్కిపట్టు, కాగితం మీద కొట్టిస్తుంది."

నిజంగానే కొట్టింది. పాస్‌వర్డ్ వేశాను, కలిసింది. నేను ఊపిరి పీల్చుకునేలోపు ట్యాబ్లెట్ అడిగింది: "ఇందులో ఇంటర్నెట్ లేదు. ఇందులోనే ఉండనా?" ఇంటర్నెట్ లేనిది నాకెందుకని "వద్దు" నొక్కాను. విడిపోయింది. మళ్ళీ కలిపాను, మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దన్నాను. మూడోసారికి ఓల్గా అత్త నా వేలు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఉండనీ అని నొక్కవే! పక్కన కూర్చున్నదానితో మాట్లాడ్డానికి మధ్యలో లోకమంతా ఎందుకే నీకు?"

నొక్కాను. ప్రింటరు ఒకసారి దగ్గి మొదలుపెట్టింది. ఒకటి, రెండు, పది, ఇరవై... ఆగదే! అరవై కాగితాలు వచ్చాయి. నాన్న సొరుగులో ఉన్న కాగితమంతా అయిపోయి ఎర్రదీపం వెలిగాక గాని అది నోరు మూయలేదు. ప్రతి కాగితం మీదా నల్లంచులో నాన్న పేరు, భార్య అదీబా, కిందన కూతుళ్ళు: హియాం (జవాద్ షూమాన్ భార్య), నజ్లా.

ఆ కాగితం ఫొటో నీ ఫోనుకి ఎవరు పంపారో నాకు తెలీదు. నువ్వేమో, "నా పేరు పక్కన ఆయన పేరు మన ఊరి గోడ మీద చూసి, ఫోను పెద్దది చేసి చేసి చూసుకున్నాను. పెదనాన్నని ఎదిరించి నిలబడ్డావు కదే చెల్లీ. సమాధికి రావడానికి కాళ్ళు రాలేదు గాని, నువ్వున్నావన్న ధైర్యంతో నలభయ్యో రోజు ప్రార్థనకి ముగ్గురం వస్తాం" అని రాశావు. ఆ ముక్క మొన్నటి నుంచి నన్ను ముల్లులా గుచ్చుతోంది.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. మధ్యలో ఒక సంగతి మింగేశానక్కా. అది చెప్పకుండా నిన్ను ఇంటికి రానివ్వలేను.

ఆరుసార్లు నొక్కానన్నానే, ఆ తర్వాత, నికూలాకి ఫోను చెయ్యకముందు, మిత్రీ పెదనాన్న లోపలికొచ్చాడు. "ఏం రాశావో చదువు" అన్నాడు. చదివాను. నీ పేరు దగ్గర చెయ్యెత్తాడు.

"మీ నాన్న ఎనిమిదేళ్ళు నోట ఎత్తని పేరు నువ్వు ఊరి గోడలకి అంటిస్తావా? అందులోనూ వాడి పేరుతో సహా!"

"పోనీ అక్క పేరొక్కటే వేద్దాం పెదనాన్నా."

"అప్పుడు పెళ్ళికాకుండా ఎక్కడ ఉందని అడగరా జనం? తియ్."

ఏమన్నానో తెలుసా? "సరే పెదనాన్నా" అన్నాను. అంతే. ఎదిరించనూ లేదు, నిలబడనూ లేదు. నీ పేరు మీద వేలు పెట్టి చెరిపేశాను. కూతురు: నజ్లా. ఒక్కదాన్నే. అలా మార్చినదాన్ని మళ్ళీ పది ప్రతులు పెట్టి రెండుసార్లు నొక్కాను. ఆ నాలుగిళ్ళకీ పరిగెత్తింది నువ్వు లేని కాగితం కోసమే.

ట్యాబ్లెట్ మాత్రం మనిషిలాంటిది కాదు. చెప్పిన మాట ఏదీ మరిచిపోదు. ప్రింటరు దొరకనప్పుడు నేను నొక్కినవన్నీ వరసగా దాచుకుని, దొరకగానే మొదటి నుంచీ అప్పజెప్పింది. ముందు నీ పేరున్న ఆరు పదులు వచ్చాయి. నువ్వు లేనివి రెండు పదులూ వెనక ఉండిపోయాయి, వాటి వంతుకి కాగితం లేదు. ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదు. కాగితం చూసుకునేలోపు జెనరేటరు ఆగిపోయింది. నిన్ను గోడ మీదికి ఎక్కించింది నేను కాదక్కా, ఎర్రదీపం.

ఇంకా ఉంది. పెదనాన్న అరవై కాగితాలూ చూసి అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. నాన్న బల్ల మీది నల్ల మార్కరు తీసి నా ముందు పడేశాడు. "కొట్టెయ్. అన్నిటి మీదా." నేను కూర్చున్నాను. కొట్టేశాను. మొదటిది, రెండోది, ఏడోదాకా. వంకర రాకుండా పంతులమ్మ గీత గీశాను.

ఎనిమిదోది తీస్తుంటే అమ్మ గుమ్మంలోకొచ్చింది. పొద్దుటి నుంచీ ఒక్క మాట మాట్లాడని మనిషి.

"ఏం గీస్తున్నావే?"

పెదనాన్న, "నువ్వు లోపలికెళ్ళు అదీబా, ఇవి నీకు తెలిసే పనులు కావు" అన్నాడు.

"నాకు చదువు రాదు బావగారూ, నా పిల్లల పేర్లు మాత్రం చూస్తే తెలుస్తాయి" అంది అమ్మ. "నా మొగుణ్ణి పూడ్చిపెట్టడానికి మనుషుల్ని పిలుస్తున్నారా, నా కూతుర్ని కూడా పూడ్చడానికి పిలుస్తున్నారా?"

నా చేతిలోంచి మార్కరు లాక్కుంది. గట్టిగా లాగాల్సొచ్చింది, ఎందుకంటే నేను వదల్లేదు. తర్వాత మిగిలిన యాభై మూడూ చంకన పెట్టుకుని, జిగురుకి పిండి ఉడికించిన గిన్నె పట్టుకుని, శవం ఇంట్లో ఉండగా గడప దాటింది. ఆడవాళ్ళందరూ "అదీబా, అదీబా" అని వెంటపడ్డారు. చర్చి తలుపు మీద మొదటిది ఆవిడే అంటించింది, కాస్త వంకరగా. నువ్వు ఫోనులో చూసింది అదే. నేను వెనకాల వెళ్ళి గిన్నె అందుకుని మోశాను. అమ్మ రాకపోతే అరవైకి అరవై కొట్టేసి ఉండేదాన్ని. నీ చెల్లెలు అలాంటిది.

ఆ ఏడు కాగితాలూ ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. దాచుకుంటావో, చించుకుంటావో, నువ్వొచ్చినప్పుడు నా మొహాన కొడతావో నీ ఇష్టం. ఇది చదివాక కూడా రావాలనిపిస్తే రా. నా ధైర్యం చూసుకుని మాత్రం రాకు, అది లేదు. అమ్మ ఉంది, ఆమె కోసం రా. మనవరాలు బతూల్‌కి ఏం ఇష్టమో రాయమంది, వండి పెడుతుందట.

నలభయ్యో రోజుకి కొత్త కాగితం కొట్టాలి. నిన్న కాగితం కట్ట కొన్నాను గాని ప్రింటరులో పెట్టడానికి భయమేసింది. నిన్నటిదాకా ట్యాబ్లెట్ తెరిచినప్పుడల్లా ఒకటే నస: "కాగితం పెట్టండి, రెండు పనులు మిగిలి ఉన్నాయి." పెట్టి ఉంటే నువ్వు లేనివి వచ్చేసేవి. ఇరవై రోజులుగా అలా కాచుకుని కూర్చున్నాయి.

ఇవాళ పొద్దున, ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు, నాన్న కుర్చీలో కూర్చుని ఆ రెంటినీ చెరిపేశాను. పెదనాన్న చెప్పలేదు, అమ్మ చెప్పలేదు, గదిలో ఎవరూ లేరు. తర్వాత కాగితం పెట్టి, నీ పేరున్నదాన్ని మళ్ళీ టైపు చేసి, ఒక్క ప్రతి కొట్టాను. ఆ ఏడు కాగితాల పైన పెట్టాను, ముందు దాన్ని చూడు.

ఇట్లు,
ఆలస్యంగా నిలబడిన
నీ చెల్లెలు,
నజ్లా