కాలరుకి నూట పద్దెనిమిది సెకన్లు

ఫిబ్రవరి 3, సోమవారం

ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌తో ఇది నాకు రెండో కాపురం. పోయిన సెమిస్టర్‌లో ఫెయిలయ్యాను. ఈసారీ పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారట. సార్ ఆ మాట చాలా మర్యాదగా చెప్పారు. మర్యాదగా తీసేసినా తీసేసినట్టే.

ప్రాజెక్టు ఇచ్చారు. పదిమంది పనిచేసే చోటికి వెళ్ళి, ఒక వస్తువు మొదటి చేతి నుంచి చివరి చేతి దాకా ఎలా నడుస్తుందో చూడాలి. ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పడుతోందో స్టాప్‌వాచ్‌తో కొలవాలి. అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమయ్యే చోటు బాటిల్‌నెక్. దాన్ని పట్టుకుంటే నలభై మార్కులు. క్లాసులో అందరికీ ఏదో ఒక ఫ్యాక్టరీలో బాబాయో మామయ్యో ఉన్నారు. నాకెవరున్నారా అని దిక్కులు చూశాను.

సాయంత్రం వదిన బట్టలు మడతపెడుతూ, మా షెడ్డుకి రాకూడదూ అంది. స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డు. తొమ్మిదేళ్ళుగా అక్కడ చొక్కాలకి కాలర్లు వేస్తోంది. ఒకే ఇంట్లో ఉంటూ నాకు ఆ సంగతే తట్టలేదు. చదువుకున్నదాన్ని మరి.

ఆమె పనిచేసే చోటికి నీ కాలేజీ వేషాలు పట్టుకెళ్ళకు అన్నాడు అన్నయ్య. వదిన అన్నయ్యని కసిరింది.

ఫిబ్రవరి 6, గురువారం

షెడ్డు చూశాను. రేకుల కప్పు, పొడవాటి గది, వరసగా మిషన్లు. కటింగు, జేబులు, భుజాలు, కాలరు, చేతులు, పక్కలు, కాజాలు, గుండీలు. చివర్లో దారాలు కత్తిరించే బల్ల, ఇస్త్రీ, ప్యాకింగు. ఒక్కో పనికి ఒక్కో మనిషి. రోజుకి నాలుగు వందల చొక్కాలు బయటికి వెళ్తాయి. ప్యాకింగ్ రిజిస్టరు చూసి నా చేత్తోనే రాసుకున్నాను.

ఓనరు గారు అడగ్గానే ఒప్పుకున్నారు. రిపోర్టు కాపీ నాకూ ఒకటి ఇవ్వమ్మా, యూనివర్సిటీ వాళ్ళ పుణ్యమా అని మేమూ నాలుగు ముక్కలు నేర్చుకుంటాం అన్నారు. నేను పూరీలా ఉబ్బిపోయాను.

వదిన నన్ను వెంటబెట్టుకుని ప్రతి మిషను దగ్గరికీ తీసుకెళ్ళింది. మా ఆడపడుచు, ఎంబీఏ చదువుతోంది అని. కాజాలు వేసే అక్క నవ్వి, ఇంట్లో పెత్తనం చాల్లేదా మీ ఆడపడుచుకి, ఇక్కడికీ వచ్చిందీ అంది. షెడ్డంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఫిబ్రవరి 10, సోమవారం

రోజంతా నిలబడి కొలిచాను. కాళ్ళు పీకేస్తున్నాయి. ఒక్కొక్కరివి ముప్పై రీడింగులు. అందరికీ నేనెందుకొచ్చానో, ఏం కొలుస్తున్నానో ముందుగా చెప్పాను. మామూలుగానే పనిచేయమన్నాను. భుజాలకి అరవై రెండు సెకన్లు. పక్కలకి అరవై ఎనిమిది. కాజాల అక్కకి డెబ్భై ఒకటి. నోటికి కాస్త విశ్రాంతినిస్తే ఇంకా తగ్గుతుంది.

వదిన దగ్గరికి చివర్లో వెళ్ళాను. తల నున్నగా దువ్వుకుని, మిషను తళతళా తుడిచి, నాకోసమే ఎదురుచూస్తూ కూర్చుంది. ఇంట్లో మనిషికి కొత్తగా చెప్పేదేముందని నేరుగా స్టాప్‌వాచ్ నొక్కాను. కాలరు మూల తిప్పి గోటితో నొక్కింది. కుట్టింది. తిరగేసి చూసింది. దారం కత్తిరించింది. ఒక్కసారి నా వైపు ఎత్తి పట్టుకుని అప్పుడు పక్కన పెట్టింది. ముప్పై కాలర్లూ అలాగే. ఎంత ముచ్చటగా ఉన్నాయో.

ఫిబ్రవరి 11, మంగళవారం

నూట పద్దెనిమిది. మళ్ళీ లెక్కేశాను. నూట పద్దెనిమిదే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

నిన్న సార్‌ని అడిగాను, బాటిల్‌నెక్ మనకి తెలిసిన మనిషైతే ఏం చేయాలని. మనిషిని చూడకు, స్టేషన్‌ని చూడు అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. రిపోర్టులో ఎక్కడా వదిన పేరు రాయలేదు. స్టేషన్ 4 అని రాశాను. బార్ చార్టులో అన్నీ నీలం రంగు, స్టేషన్ 4 ఎరుపు. ఆ పనికి వేగం పెంచే మార్పు తక్షణం అవసరం అని కూడా రాశాను. ఆ వాక్యం నాకు తెగ నచ్చింది.

ఇవాళ సార్ క్లాసులో దాన్ని తెర మీద చూపించి, ఇదీ రిపోర్టంటే అన్నారు. జీవితంలో మొదటిసారి ఆపరేషన్స్‌లో నా పేరు మంచి మాటల మధ్య వినపడింది. అదే ఊపులో వెళ్ళి ఓనరు గారికి కాపీ ఇచ్చేశాను.

ఇంటికొచ్చి వదినకి చెప్పాను. నాకంటే ఆమే ఎక్కువ సంబరపడింది. వాళ్ళమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఫిబ్రవరి 19, బుధవారం

సోమవారం నుంచి కాలరు మిషను మీదకి కొత్తమ్మాయి వస్తుందట. వదినని దారాలు కత్తిరించే బల్లకి మారుస్తారట. ఓనరు నా చార్టుని గోడకి అంటించి, ఎర్ర గీత మీద వేలు పెట్టి చెప్పాడట. పేరు రాయకపోతే మాత్రం, స్టేషన్ 4 ఎవరో ఆ షెడ్డులో ఎవరికి తెలియదు?

ఇవన్నీ అన్నయ్య చెప్పాడు. వదిన మామూలుగానే వచ్చింది, సంచి తగిలించింది, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. నన్ను తిన్నావా అని కూడా అడిగింది. అన్నయ్య అరిచినా బాగుండేది. తొమ్మిదేళ్ళలో ఒక్క ప్రసవానికి తప్ప ఆ మిషను వదల్లేదే అని మాత్రం అన్నాడు, చాలా మెల్లగా.

సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున్నే వదిన పక్కన కూర్చుని అడిగేశాను. రోజూ ఒక్కో కాలరుకీ అంతసేపు పడుతుందా అని. ఆమె నా వంక వింతగా చూసింది. రోజూ అలా కుడితే ఇంకేమైనా ఉందా, మామూలుగా అయితే అసలు కాలరు వైపే చూడను, చేతులు వాటంతటవే పోతాయి అంది. మరి ఆ రోజు? ఆ రోజు నీ పరీక్ష కదా అంది. అడ్డదిడ్డంగా కుడితే నీకు మార్కులు తగ్గిస్తారేమోనని ఒక్కోటీ చూసి చూసి కుట్టాను, బాగా రాలేదా అని అడిగింది.



అందరికీ చెప్పి ఆమెకే చెప్పలేదు. పనివాళ్ళకి ముందు విషయం వివరించాలని పాఠంలో మొట్టమొదటి పాయింటు. పరీక్షలో అదే ప్రశ్న వస్తే రెండు పేజీలు రాస్తాను.

ముందే చేయాల్సిన లెక్క ఇప్పుడు కూర్చుని చేశాను. షెడ్డులో రోజుకి ఎనిమిది గంటల పని, అంటే ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందల సెకన్లు. నూట పద్దెనిమిదితో భాగిస్తే రెండు వందల నలభై నాలుగు. చొక్కాలు మాత్రం రోజుకి నాలుగు వందలు వెళ్తున్నాయి. మిగతా నూట యాభై ఆరు కాలర్లు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? ఒక్క భాగహారం. నేను చేయలేదు, సార్ చేయలేదు, ఓనరూ చేయలేదు. ఎర్ర గీత బాగుందని అందరం మురిసిపోయాం.

ఫిబ్రవరి 21, శుక్రవారం. ఉదయం 10

షెడ్డుకి వెళ్ళి ఓనరుకి లెక్కంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. మొన్న ఇచ్చిన కాగితం మీద యూనివర్సిటీ ముద్ర ఉందమ్మా, ఇవాళ నువ్వు నోటితో చెప్తున్నావు, ఇంట్లో మాట పడి వచ్చావని నేననుకోనా అన్నాడు. ఆ రిపోర్టు తప్పని మీ సార్ రాసిస్తే ఆలోచిస్తానన్నాడు.

మధ్యాహ్నం 3

సార్ గదిలో నిలబడి మొత్తం చెప్పాను, వదిన అన్న మాటతో సహా. సార్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఈ రిపోర్టు తప్పని రాసిస్తే, అదే ముక్క మార్కుల షీట్‌లోనూ రాయాలి, తెలుసుగా అన్నారు. తెలుసు, రాయండి సార్ అన్నాను. ధైర్యమంటూ ఏం లేదు, ఏడుపొచ్చింది.

రెండు లైన్లు రాసి సంతకం పెట్టారు. ఆ భాగహారం నేనూ చేసి చూడాల్సింది అని గొణిగారు. మళ్ళీ కొలిచి గురువారానికి తెస్తే చూస్తాను, కానీ నలభైకి ఇరవై దాటనివ్వనన్నారు.

ఫిబ్రవరి 24, సోమవారం

కొత్తమ్మాయి అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. ఓనరు కాగితం రెండుసార్లు చదివాడు. సరే, గంట టైమిస్తాను, నేనే దగ్గరుండి లెక్కపెడతాను, రోజుకి నాలుగు వందలంటే గంటకి యాభై, అవి దాటితే మిషను ఆవిడదే అన్నాడు.

వదిన ఒక్కటే అడిగింది. నువ్వు మాత్రం అక్కడ నిలబడకమ్మా అని.

బయట గోడ పక్కన కూర్చున్నాను. అన్ని మిషన్ల చప్పుడులో ఆమెదేదో మొదట తెలియలేదు. తర్వాత తెలిసింది. ఒక పొడుగు పరుగు, చిన్న ఆగుడు, మళ్ళీ పరుగు. ఎక్కడ ఆగినా నా గుండె ఆగింది. గోళ్ళన్నీ కొరికేశాను. గంటకి కాజాల అక్క బయటికొచ్చి, యాభై ఏడు అంది. రెండే వెనక్కొచ్చాయి, అవీ దారం తెగి అంది. నా నెత్తిన ఒక్కటి మొట్టి లోపలికి వెళ్ళిపోయింది.

కొత్తమ్మాయికి దారాల బల్ల దగ్గర చోటిచ్చారు. చార్టు గోడ మీంచి తీసేశారు.

ఫిబ్రవరి 27, గురువారం

కొత్త రిపోర్టు ఇచ్చాను. కాలరు సగటు ఈసారి ఓనరు రాసుకున్న లెక్క నుంచి తీశాను, అరవై మూడు. ఆలస్యం నిజానికి కాజాల దగ్గర. దారాలుంచే అర మిషనుకి పదడుగుల దూరంలో ఉంది, అక్క మాటిమాటికీ లేవాల్సి వస్తోంది. అరని జరపమని రాశాను. మనిషిని జరపమని రాయలేదు. ఇచ్చే ముందు అక్కకి చదివి వినిపించాను. ఇరవై వచ్చాయి. పాస్, బొటాబొటిగా.

మార్చి 2, ఆదివారం

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. వదిన బఠానీలు ఒలుస్తోంది. నన్ను చూడగానే చేతులు ఆగిపోయాయి. కావాలని కాదు, పాపం. నేను గ్లాసు కడిగి, నింపుకుని, తాగేదాకా ఒక కాయ అలాగే ఆమె వేళ్ళ మధ్య ఉండిపోయింది.

వెళ్ళిపోబోయి ఆగాను. ఆమెకి వీపు తిప్పి కింద కూర్చుని, నేనూ గుప్పెడు కాయలు తీసుకున్నాను. నాకు చేతకాదు. సగం గింజలు నేల మీద దొర్లాయి. చాలాసేపటికి నా వెనక ఒక కాయ విరిగిన చప్పుడు వినిపించింది.