మంగళవారం గుడ్డ

మే 9, మంగళవారం

ఇవాళ కూడా రెండు స్నానాలు. పొద్దున ఇంట్లో ఒకటి, సాయంత్రం లాబ్‌లో ఒకటి. లాబ్ స్నానం మన ఇష్టం కాదు. లోపలి తలుపుకీ బయటి తలుపుకీ మధ్య షవర్ ఉంటుంది. తల తడవకుండా బయటికి రావడానికి లేదు. ఈ ఉద్యోగంలో చేరేనాటికి నా జడ నడుము దాకా ఉండేది. పంతొమ్మిదేళ్ళలో అది మెడ దగ్గరికి వచ్చింది.

దేశంలో ఏ మూల కోళ్ళు అనుమానంగా చచ్చినా నమూనా మా దగ్గరికే వస్తుంది. మా మాటే ఆఖరి మాట. ఈ ఏడాది అందరం భయంగానే ఉన్నాం. పెరూలో, చిలీలో సముద్రం ఒడ్డున పిట్టలు గుట్టలుగా పడ్డాయి. మా బ్రెజిల్‌కి బర్డ్ ఫ్లూ ఇంకా రాలేదు. నా పక్క బల్ల జురందీర్ నోరు ఊరుకోదు. అది ఎప్పుడో బయల్దేరింది అక్కా, దారిలో భోజనానికి ఆగిందంతే, అన్నాడు. నవ్వాను.

ఆదివారం మదర్స్ డే. సముద్రం ఒడ్డున మా ఊరు పోంటా రూయివాలో అమ్మ దగ్గరికి వెళ్ళాలి. బస్సులో పదహారు గంటలు. ఉత్త చేతుల్తో రాకు, మీ వైపు కాఫీ పొడి పట్రా, ఇక్కడిది తాగుతుంటే మట్టి తాగినట్టుంది, అని ఫోన్లో ఆర్డరు వేసింది అమ్మ.

మే 11, గురువారం. సాయంత్రం 6

ఇంటికొచ్చి తలుపేసుకుని రాస్తున్నాను.

పొద్దున ఐస్ పెట్టె వచ్చింది. రెండు సముద్రపు పిట్టలు. నెత్తిన నల్ల టోపీ, పసుపు ముక్కు. ఏ ఊరివో మాకు చెప్పరు. సంచి మీద నంబరే ఉంటుంది. మొదటి సంచి విప్పాను, మామూలే. రెండో సంచిలో పిట్టని ఒక గుడ్డలో చుట్టి ఉంది. అలా పంపకూడదు. అక్కడెవరో బద్ధకించి, చేతికి ఎలా వచ్చిందో అలాగే సంచిలో పడేసినట్టున్నారు. గుడ్డ విప్పాను.

గిన్నెలు తుడిచే తెల్ల గుడ్డ. అంచున ఆకుపచ్చ క్రోషియా లేసు, గవ్వల అల్లిక. మూలన ఎర్ర దారంతో మంగళవారం అని కుట్టి ఉంది. మొదటి అక్షరం పక్కకి ఒరిగింది. కళ్ళజోడు పెట్టుకోమంటే వినకుండా కుట్టేది మా అమ్మ ఒక్కతే. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు గుడ్డలు. రెండు సెట్లు కుట్టింది, తనకొకటి, నాకొకటి.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఏమైంది అక్కా, అని జురందీర్ అడిగాడు. తల ముసుగు అద్దానికి ఆవిరి పట్టింది, అన్నాను. గుడ్డ సంగతి చెప్పలేదు. పిట్టని కోశాం, ముక్కలు తీశాం. గుడ్డని నా చేతుల్తోనే కాల్చేసే సంచిలో పడేశాను.

మధ్యాహ్నం మూడింటికి పీసీఆర్ తెర మీద గీత లేచింది. పంతొమ్మిదో సైకిల్‌కే లేచింది. అంత తొందరగా లేచిందంటే ఆ గుడ్డలో వచ్చిన పిట్ట నిండా వైరస్ ఉన్నట్టే. జురందీర్ సంచి నంబరు మళ్ళీ సరిచూశాడు.

ఇంకో పరీక్ష కావాలి, అది సోమవారానికి గాని తేలదు. ఆ తర్వాత మంత్రిత్వ శాఖ ప్రకటించాలి. అందాకా బయట ఒక్క ముక్క అనకూడదని మా అందరి చేతా ఏనాడో సంతకాలు తీసుకున్నారు. వైరస్ ముట్టుకున్నవాళ్ళు ఏడు రోజులు ఏ పక్షి దగ్గరికీ పోకూడదు. అమ్మకి పదకొండు కోళ్ళున్నాయి. కాబట్టి ఆదివారం ప్రయాణం లేదు.

మే 12, శుక్రవారం. ఉదయం 6

మంగళవారం గుడ్డ నా వంటింట్లో ఉంది. లేచి చూసుకున్నాను. కాబట్టి పిట్టకి చుట్టింది అమ్మదే.

మే 12, శుక్రవారం. సాయంత్రం

చేయకూడని పని చేశాను. కాగితాల గదిలో ఆ నంబరు ఫారం తీసి చూశాను. ఊరు పోంటా రూయివా. ఇసుక మీద చచ్చిపడి దొరికింది, మనుషులెవరూ ముట్టుకోలేదు, అని రాసి ఉంది.

ముట్టుకోకుండా గుడ్డలోకి ఎలా వచ్చింది? అమ్మ అబద్ధం చెప్పింది. మనుషులెవరూ ముట్టుకోలేదని రాశారు కాబట్టి ఆమెని చూడడానికి ఎవరూ వెళ్ళరు. ఆ గుడ్డ ఎవరిదో లోకంలో నాకొక్కదానికే తెలుసు.

ఫోన్ చేశాను. రావడం లేదని చెప్పాను. ఎందుకని అడగలేదు. అంత పెద్దదానివైపోయావన్నమాట, అని మాత్రం అంది. చర్చిలో లాటరీ గురించి, పక్కింటి క్రెయూజా మొగుడి వల చిరిగిపోవడం గురించి చెప్పింది. పిట్ట సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. మధ్యలో ఒకసారి దగ్గింది. పొయ్యి పొగ, అంది.

మే 13, శనివారం

ఆగలేక అడిగేశాను. అమ్మా, ఈ మధ్య పిట్టల్నేమైనా ఇంటికి తెచ్చావా, అని.

ఎవరు చెప్పారు నీకు, ఆ క్రెయూజాయేనా, దాని నోట్లో నువ్వుగింజ నానదు, అంది. తర్వాత చెప్పుకొచ్చింది. పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తుంటే కనిపించిందట. తాగినవాడిలా మెడ తిప్పుతూ ఇసుకలో దొర్లుతోందట. చూస్తూ చూస్తూ ఎలా వదిలేసి రానే, అంది. అరటిపళ్ళ పెట్టెలో గుడ్డ వేసి పొయ్యి పక్కన మూడు రోజులు పెట్టుకుంది. కోళ్ళు అటూ ఇటూ తిరిగే వంటింట్లో.

తిండి ఎలా పెట్టావమ్మా, అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

ఎలా పెడతారు, చిన్నప్పుడు నీ చిలక్కి ఎలా పెట్టానో అలాగే, అంది.

మా ఊళ్ళో ఆడవాళ్ళు పిల్ల పిట్టలకి అలాగే పెడతారు. చేపని మెత్తగా నమిలి, పెదాల మధ్య పట్టుకుని, పిట్ట ముక్కులో పెడతారు. నీళ్ళూ అంతే, నోట్లోంచి నోట్లోకి. ఐదేళ్ళ వయసులో నేనూ పెట్టాను. చిలక ముక్కు పెదవికి తగిలితే చక్కిలిగింత పుట్టేది. అమ్మ ఆ పని మూడు రోజులు చేసింది.

హెల్త్ సెంటర్‌కి వెళ్ళమని బతిమాలాను. దేనికి, అంది. పిట్టని ముట్టుకున్నానని అక్కడ చెప్పాలి. చెప్తే తెల్ల బట్టల వాళ్ళు దిగుతారు. కోళ్ళన్నిటినీ చంపేస్తారని ఇక్కడ అందరూ చెప్పుకుంటున్నారు. నావే కాదు, ఊళ్ళో కోళ్ళన్నీ పోతే జనం నా మొహాన ఉమ్మేస్తారు. పిట్ట చచ్చాక బీచ్‌లో తిరిగే కుర్ర పశువుల డాక్టరుకి గుడ్డతో సహా ఇస్తూ కూడా అందుకే ఇసుక మీద దొరికిందని చెప్పాను, అంది.

ఆ తర్వాత గొంతు తగ్గించి, లూసీ, అది ఆ జబ్బేనా, అని అడిగింది.

నేను నోరు మూసుకున్నాను. అదే జవాబు, ఆమెకి అర్థమైంది. సరేలే, నువ్వు నాకేం చెప్పలేదు, నేను నిన్నేం అడగలేదు, ఉద్యోగం జాగ్రత్త, అని పెట్టేసింది.

మే 14, ఆదివారం. మదర్స్ డే

పొద్దున అమ్మకి కళ్ళు రెండూ ఎర్రబడ్డాయట. మంట. చామంతి నీళ్ళతో కడుక్కుంటున్నానంది. గొంతు బొంగురుగా ఉంది. పండగ పూట ఏడుపు మొహంతో ఫోన్ చేయకు, కర్రపెండలం పిండి వేయించుకున్నాను, చేప కూర ఉంది, మహారాణిలా తింటున్నాను, అంది.

కళ్ళు ఎర్రబడడం మొదటి గుర్తు. శిక్షణలో ఆ స్లైడు నేనే చూపిస్తాను. ఫ్లూ మాత్రలు నలభై ఎనిమిది గంటల్లోపు పడాలి, తర్వాత పడితే లాభం తక్కువ. అది కూడా ఆ స్లైడులోనే ఉంది. అంటే మంగళవారం పొద్దుటిదాకా టైముంది.

రోజంతా ఫోన్ చేతిలో పెట్టుకుని ఇంట్లో తిరిగాను. హెల్త్ సెంటర్ నంబరు నొక్కడం, కట్ చేయడం. ఆదివారం అక్కడ ఎత్తేవాళ్ళు లేరని తెలిసి కూడా నొక్కాను. నాకు భయం వేసింది. అమ్మ పోతుందని ఒక భయం. అమ్మ కోళ్ళని చంపించిన కూతురిగా ఆ ఊళ్ళో అడుగు పెట్టాల్సి వస్తుందని ఇంకో భయం. ఉద్యోగం గురించీ వేసింది, లేదని ఎందుకు రాయాలి?

మే 15, సోమవారం. రాత్రి

ఏడున్నరకే డాక్టర్ ఎవిలాజియో గది ముందు నిలబడ్డాను. ఆయన మా అందరికీ పెద్ద. ముప్పై ఏళ్ళుగా ఒక్క తప్పుడు రిజల్ట్ బయటికి పోనివ్వని మనిషి. కూర్చోమన్నారు, కూర్చోలేదు. గుడ్డ సంగతి చెప్పాను. ఫారం చూసిన సంగతీ చెప్పాను. అమ్మ పిట్టకి నోటితో తిండి పెట్టిన సంగతీ చెప్పాను.

రెండో పరీక్ష సాయంత్రానికి వస్తుంది, ప్రకటన రాత్రికి ఉంటుంది, రేపటినుంచి అన్నీ వాటంతటవే కదులుతాయి, అన్నారు. రేపటికి గడువు అయిపోతుంది సార్, అన్నాను. ఆయన గోడ గడియారం చూశారు. గురువారమే గుర్తుపట్టావు, గురువారమే ఎందుకు చెప్పలేదమ్మా, అని అడిగారు. కేక వేసి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అడిగారు.

ఎవరినీ అడక్కుండా ఆయనే ఆ రాష్ట్రం ఆరోగ్య శాఖకి ఫోన్ చేశారు. ఊరు, ఇల్లు, పేరు చెప్పారు. జుల్మీరా, డెబ్బై ఒకటి, అన్నారు. అమ్మ పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి, ఈరోజు నుంచి నువ్వు లోపలికి వెళ్ళవు, బయట రిపోర్టులు టైపు చెయ్యి, మిగతాది తర్వాత చూద్దాం, అన్నారు.

సాయంత్రం ఐదింటికి మొదటి మాత్ర వేశారని కబురొచ్చింది. పిట్ట రెండో పరీక్ష కూడా పాజిటివే.

మే 16, మంగళవారం

అమ్మ ఫోన్ చేసింది. ముసుగులేసుకుని ఆరుగురు వచ్చారట. ఊరంతా రోడ్డు మీద నిలబడి చూసిందట. మిగతా వాళ్ళ కోళ్ళ జోలికి పోలేదు, పిట్ట ఉన్న వంటింట్లో తిరిగినవి కాబట్టి అమ్మవి మాత్రం పట్టుకున్నారు. పదకొండూ సంచుల్లోకి పోయాయి. బరోనెసా పొయ్యి వెనక దాక్కుంటే దాన్ని ఆఖరున పట్టారట. అది ఎవరూ పిలవకుండానే అమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చునే కోడి.

నువ్వేనా చెప్పింది, అని అడిగింది. నేనే, అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

మే 17, బుధవారం

అమ్మకి జ్వరం నూట మూడు. విటోరియా నగరంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. విడి గది. ముక్కులోంచి తీసిన నమూనా పాజిటివ్.

నేను ఫోన్ చేస్తే అమ్మ మాట్లాడనందట. నర్సు చెప్పింది.

మే 18, గురువారం

ఆక్సిజన్ పెట్టారు.

మే 19, శుక్రవారం

పొద్దున క్రెయూజా ఫోన్. ఏమ్మా పెద్ద చదువుల తల్లీ, మీ అమ్మని ఆసుపత్రి పాలు చేశావు, కోళ్ళని మట్టిపాలు చేశావు, ఇంకా ఏమైనా మిగిలిందా, మా ఇంటి పిల్లి ఉంది పంపమంటావా, అంది. చివర్లో ఆమే ఏడ్చింది. ముద్ద దిగడం లేదే, ఆ ఖాళీ దొడ్డి చూడలేకపోతున్నానే, అంది.

మధ్యాహ్నం అమ్మ కోళ్ళ నమూనాలు తేలాయి. నిన్న పెట్టె వచ్చిందని తెలుసు. రిపోర్టు టైపు చేయాల్సింది నేనే. జురందీర్ కాగితం తెచ్చి నా ముందు పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు గారిని అడిగి ఇది నేను టైపు చేస్తాను, నువ్వు పోయి కాఫీ తాగిరా అక్కా, అన్నాడు. జీవితంలో మొదటిసారి జోకు వేయలేదు.

కాగితం లాక్కున్నాను.

ఇక్కడ నిజం రాయాలి. కాగితం తిప్పేముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఒక్క కోడికైనా ఉండాలని. ఒక్కదానికి ఉన్నా చాలు, చంపడం తప్పు కాదు, నేను చెప్పడం తప్పు కాదు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి నమూనా నెగెటివ్ రావాలని కోరుకున్నదాన్ని, ఇవాళ వైరస్ ఉండాలని మొక్కుకున్నాను.

పదకొండూ నెగెటివ్. గీత ఎక్కడా లేవలేదు. అంటే, ప్రాణం పోతున్న పిట్టని అమ్మ పెట్టెలోంచి బయటికి రానివ్వలేదు. కోళ్ళని దాని దగ్గరికి పోనివ్వలేదు. తన నోరు తప్ప ఇంకేదీ దానికి తగలనివ్వలేదు.

టైపు చేశాను. పదకొండుసార్లు అదే మాట.

మే 20, శనివారం

అమ్మ ఆక్సిజన్ లెక్క 88. సాయంత్రం 89. నర్సు, పెరిగింది కదమ్మా, అంది.

మే 21, ఆదివారం

ఏమీ తినలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం.

మే 22, సోమవారం

93. మాస్క్ తీసి ముక్కుకి చిన్న గొట్టం పెట్టారట. గంజి అడిగిందట. ఉప్పు చాలలేదని నర్సుని తిట్టిందట. బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

మే 23, మంగళవారం

అమ్మే చేసింది. గొంతు దారంలా ఉంది. ఎలా ఉన్నావని అడగనివ్వలేదు.

నా కోళ్ళకి ఉందా, అంది.

ఉందమ్మా, అన్నాను. పదకొండింటికీ.

అయితే మంచి పనే చేశావు, అంది. వచ్చేటప్పుడు కాఫీ పొడి మర్చిపోకు, అంది.