ఆల్బం వెనకాల వచ్చేది

అక్కా,

ఆల్బంలు అచ్చేసే మీ ప్రెస్సులో పార్సిళ్లు విప్పేది నువ్వే కాబట్టి ఈ కాగితం పార్సిల్ అట్ట కింద పెడుతున్నాను. లోపలున్న పెన్‌డ్రైవ్‌లోకి ఆల్బం ఫైళ్లు ఎక్కించేది మాత్రం మా ఆయనే. ఏ పెన్‌డ్రైవ్‌నీ నన్ను ముట్టుకోనివ్వడు.

నువ్వు చెప్పిన స్టూడియోవాళ్లు ఉద్యోగం ఇచ్చేముందు నేను ఎడిట్ చేసిన పెళ్లి వీడియో చూడాలన్నారు కదా, అది మెయిల్లో పట్టదు. పెద్ద ఫైళ్లు పంపే సైట్లు దొంగచాటుగా వెతికాను. ఒకటి ఓటీపీ అడుగుతుంది, అదేమో ఆయన ఫోన్‌కి వెళ్తుంది. ఇంకొకటి, అవతలివాళ్లు ఫైలు తెరవగానే మా ఫొటో షాపు మెయిల్‌కి కబురు పెడుతుంది. ఏమీ అడగనిది చివరికి ఒకటి దొరికింది, దాని పేరు ఈ కాగితం వెనక రాశాను. కానీ ఫైలు ఎక్కడానికి గంటలు పడుతుంది. ఆయన షూటింగుకి వెళ్తే నెట్ డబ్బా బ్యాగులో వేసుకుపోతాడు. షాపులో ఉంటే నా పక్క కుర్చీలోనే ఉంటాడు.

కొట్టడు, తిట్టడు. "నువ్వు కదిలావంటే షాపు మూసుకోవడమే, బంగారం" అంటాడు. వీడియో మీద ఆయన పేరే పడుతుంది. వచ్చినవాళ్లతో, "మా ఆవిడకి కంప్యూటరంటే భయమండీ" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.

నువ్వొక ఫోన్ చెయ్యి. "ఇకమీదట పెన్‌డ్రైవ్‌లు తీసుకోం, ఫైళ్లన్నీ ఈ సైట్లోనే పంపాలి" అని ప్రెస్సు తరఫున గట్టిగా చెప్పు. గంటలు పట్టే పని ఆయనకి గిట్టదు, నెట్ డబ్బాతో సహా నా నెత్తిన పడేస్తాడు. పెళ్లికూతురి ఆల్బం వెనకాలే నా వీడియో వస్తుంది, చూసుకో.

ముందు నన్ను కూర్చోబెట్టి ఎక్కడ నొక్కాలో నేర్పుతాడులే. బుద్ధిగా నేర్చుకుంటాను. రెండుసార్లు తప్పు కూడా నొక్కుతాను.

నీ చెల్లెలు