విమానంలోంచి చూపించిన పేట

శనివారం

జగ్గయ్యపేటలో కారెక్కితే మూడున్నర గంటల్లో హైదరాబాద్ విమానాశ్రయం దగ్గరుంటాం. అత్తయ్యకి ఒక్కసారైనా విమానం ఎక్కాలని కోరిక. అందుకని రెండు గంటలు వెనక్కి గన్నవరం వెళ్లి, అక్కడ ఇంకో రెండు గంటలు కూర్చుని, గంటసేపు ఎగిరాం. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ కిటికీ వదల్లేదు. "అమ్మాయ్, మన పేట వచ్చిందా?" అని పదిసార్లు అడిగింది. విసుగొచ్చి కింద కనపడ్డ ఏదో ఊరు చూపించా.

"అదే అత్తయ్యా."

చాలాసేపు చూసింది. "మన పొలం గట్టు కనపడట్లేదేంటమ్మాయ్?"

"ఇంత ఎత్తు నుంచి గట్లేం కనపడతాయి?"

మళ్లీ కిటికీకి అతుక్కుపోయింది. ఆ గట్టు గొడవతోనే ఆవిడకి వత్సవాయిలో ఉండే తన తోడికోడలితో పన్నెండేళ్లుగా మాటల్లేవు. విమానం దిగగానే నా ఫోన్ అడిగింది. నంబరు తడుముకోకుండా చెప్పింది. "అక్కా, నేను" అంది. తర్వాత అటూ ఇటూ ఏడుపే.

రేపు కారులోనే వెళ్దామంటోంది, ముందు వత్సవాయికి. తిరుగు టిక్కెట్లు క్యాన్సిల్ చేసా. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, ఆగిపోయా. ఆవిడ అంతసేపు చూసింది ఎవరి ఊరో, ఎవరి గట్లో...