పాత ప్లేటు నమూనా

చిత్తూరు

బావకు,

మద్రాసు నుంచి మీరు బస్సులో పంపిన క్లచ్ ప్లేటు అందింది. విప్పి చూసి, అట్లాగే మూసిపెట్టాను. ఇదీ ముందు కాలిపోయిన రెండింటి రకమే.

లారీకి పాత ఇంజను తీయించి, అంతకు రెండింతల బలమున్నది ఎక్కించింది మీరే. ఘాటు రోడ్డులో అందరినీ దాటిపోవాలన్నారు. ఆ బలం చక్రాలకు చేరాలంటే నడుమనుండే ప్లేటు కూడా దానికి తగ్గది కావాలి. మెకానిక్ పీరా సాహెబ్ ఏ రకమో చీటీ మీద రాసిచ్చాడు. మీరు చీటీ జేబులో పెట్టుకుని, పాత ప్లేటు చూపించి అలాంటిదే ఇమ్మంటున్నారు. కాలిపోయినదాన్ని చూపిస్తే షాపువాడు కాలిపోయేదే ఇస్తాడు.

ప్లేటు కాలిందని మాత్రమే మీకు ఫోనులో చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. పోయిన వారం మామిడికాయల లోడుతో మొగిలి ఘాటు ఎక్కుతున్నాం. ఇంజను అరుస్తూనే ఉంది, బండి వెనక్కి జారుతోంది. బ్రేకు ఆపలేకపోయింది. క్లీనరు కుప్పయ్య దూకి చక్రం వెనక దిమ్మ పెట్టాడు. చెయ్యి తీసుకునే లోపల చక్రం వేళ్ల మీదికి వచ్చింది.

ఆస్పత్రిలో కళ్లు తెరిచి, “బండి నిలబడిండాదా అప్పా?” అని అడిగినాడు.

ఈసారి నమూనాకు పాత ప్లేటు పంపడం లేదు. ఈ ఉత్తరం మీ చేతికిస్తున్నది కుప్పయ్యే. అతన్ని వెంటబెట్టుకుని షాపుకు వెళ్లండి. పాత రకమే చాలనిపిస్తే, అతని చేతి కట్టు చూస్తూ ఆ మాట షాపువాడికి చెప్పండి.

మీ బావమరిది