కెమెరాకి పోసిన బీరు

ఒరూరో,
కార్నివాల్ పండగ తర్వాతి గురువారం.

తమ్ముడు రోలాండోకి,

మీ అమ్మని నాలుగు రోజులు మా ఇంటికి రానివ్వకు. కోపంతో కాదు, ఓపిక లేక రాస్తున్నాను.

పండగ మంగళవారం ఏటా చేసినట్టే ఇంటికీ, నీ మినీబస్సుకీ బీరూ, రంగుకాగితం ముక్కలూ చల్లి నేలతల్లిని తలుచుకున్నాక, పిన్ని నా వీడియో కెమెరా దగ్గరికొచ్చింది. వద్దన్నాను. "ఇల్లు తాగింది, బండి తాగింది, నీకు కూడు పెట్టే ఇది మాత్రం నోరెండబెట్టుకుని కూర్చోవాలా?" అంటూ దానిమీదా గుప్పెడు కాగితం ముక్కలు చల్లి, సీసా వంచేసింది.

అప్పట్నుంచీ తుడుస్తూనే ఉన్నాను. బ్యాటరీ తీసేసి, లోపల ఇరుక్కున్న రంగుకాగితం ముక్కల్ని పట్టకారుతో ఏరాను. లెన్సు బాగానే ఉంది. టేపు తిరిగేచోట జిగురు మాత్రం స్పిరిట్ దూదికి కూడా వదలడం లేదు. శనివారం పెళ్ళి తీయాలి. నాకు వేరే కెమెరా లేదు.

ఇవాళ పొద్దున పిన్ని మళ్ళీ సీసాతో వచ్చింది. "మొన్న తక్కువ పోశామే, అందుకే అలిగింది," అంది. బతిమాలి పంపించాను. సీసా ఇక్కడే వదిలి వెళ్ళింది.

కెమెరాని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎందుకైనా మంచిదని, బీరువా ముందు నేలమీద ఒక చుక్క నేనూ పోశాను. ఈ మాట పిన్నికి చెప్పకు.

మీ అక్క