అన్‌ఫిట్ పోశం పరుగు

గోదావరిఖని

ప్రియమైన పోశం బావకు,

గనిలో డ్రిల్లు మోత మన చెవులు తినేసింది గనుక ఫోన్ పక్కన పెట్టి కాగితం పట్టాను. ఇక్కడ రిటైరైనవాళ్లం పొద్దున్నే గ్రౌండులో పరుగు మొదలుపెట్టాం. మొన్న జగదీశ్వర్ బూటు ఊడి వెళ్లి కార్పొరేటర్ చాయ్‌లో పడింది. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు, అది వేరే కథ. నువ్వూ మొదలుపెట్టు. ముందు గుండె చూపించుకోవాలంటారు గానీ నీకెందుకు? లేని నొప్పి చెప్పి, మెడికల్ బోర్డు చేత అన్‌ఫిట్ రాయించుకుని, నీ నౌకరి కొడుకు భూపాల్‌కు ఇప్పించినవాడివి. దున్నపోతులా ఉన్నావు.

నీ గిడియోన్

శ్రీరాంపూర్

గిడియోన్ బావకు,

బూట్లు కొన్నాను. నీ చెల్లె కనకవ్వ "ఒక్కసారి దవాఖానల చూపించుకోరాదు" అని సతాయిస్తోంది. పోను. ఏ డాక్టరైనా నీకేం లేదంటే, నా కొడుకు తినే అన్నం దొంగదని ముద్ర వేసినట్టే. బోర్డు ముందు ఎద పట్టుకుని నటించిన ఆ రోజు గుర్తొస్తే వాడి మొహం చూడలేను. పరుగెత్తితే ఆయాసం వస్తోంది. పాత బొగ్గు దుమ్మే అయ్యుంటుంది.

ఉంటాను,
పోశం

గోదావరిఖని

పోశం బావా,

నువ్వు పరుగెత్తుతూ పడిపోయావని కనకవ్వ చెప్పింది. దవాఖాన గేటు దాకా వచ్చి, ఆమె కళ్లబడలేక తిరిగి బస్సెక్కాను. ఇవాళ పిట్టకథలు రావడం లేదు. పరుగు మొదలుపెట్టే ముందు నేను గుండె చూపించుకున్నాను బావా. పిరికోడంటావని దాచాను. నీకు మాత్రం అక్కర్లేదని రాశాను. తిట్టు, కానీ బతికి తిట్టు.

తప్పు చేసిన
గిడియోన్

శ్రీరాంపూర్

పిరికి బావకు,

స్టెంటు వేశారు, బతికాను. గుండె నాళంలో పూడిక ఇప్పటిది కాదట, గనిలో ఉన్ననాటిదట. "అప్పుడే ఎవరూ చెప్పలేదా?" అని డాక్టరు అడిగాడు.

"చెప్పిన్రు సారూ. నేనే నమ్మలే" అన్నాను.

బోర్డును మోసం చేశాననుకున్నాను. వాళ్లు ఉన్నదే రాశారు. నీ మీద కోపం లేదు. నువ్వు నమ్మింది నేను చెప్పిన అబద్ధాన్నే కదా.

నిన్న భూపాల్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. వాడి మొహం చూస్తూనే "నీ నౌకరి దొంగది కాదు బిడ్డా" అన్నాను.

వాడు నర్సును పిలిచి, మా నాయన ఏందో మాట్లాడుతున్నడు, జర చూడమన్నాడు. పాపం, ఇన్నేళ్లూ అది దొంగదని నేననుకుంటున్న సంగతి వాడికి తెలియనే తెలియదు.

ఈసారి గేటు దాటి లోపలికి రా.

నీ పోశం